స్పీకరు పోయిందంటే వాట్లు కాదు, క్రాసోవర్ చూడండి

సంపాదకుల గారికి నమస్కారం.

దసరా దగ్గర పడేసరికి మీ వాహనాల పేజీ కొత్త కార్లతో కళకళలాడుతుంది. ఏది ఎంత మైలేజీ ఇస్తుంది, దేనికి ఎన్ని ఎయిర్‌బ్యాగులు, దేని ఆన్‌రోడ్ ధర ఎంత, అన్నీ వివరంగా వేస్తారు. మా ఇంట్లో ఆ పేజీ కోసం పోటీ పడి చదువుతాం. అయితే ఆ కార్లు షోరూం గేటు దాటాక చాలామంది కుర్రాళ్ళు చేయించే మొదటి పని మ్యూజిక్ సిస్టం. తలుపుల్లో కొత్త స్పీకర్లు, డిక్కీలో సబ్‌వూఫర్, సీటు కింద ఆంప్లిఫయర్, అంటే ఆంప్. చూస్తూ చూస్తూ ముప్పై, నలభై వేలు అయిపోతాయి. ఆ డబ్బు నిలబడటమా, బూడిద కావడమా అన్నది ఆంప్ పక్క పలక మీద ఉండే ఒక చిన్న స్విచ్చు మీద, దాని పక్కనే స్క్రూడ్రైవర్‌తో తిప్పే ఒక నాబు మీద ఆధారపడి ఉంది. అదే క్రాసోవర్, ఏ స్పీకరుకు ఏ స్వరాలు వెళ్ళాలో పంచేది. దాని గురించి తెలుగులో చెప్పేవాళ్ళు లేక జనం నష్టపోతున్నారు. మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పే అవకాశం ఇస్తారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో స్పీకర్లు బాగుచేస్తాను. దుకాణం మా నాన్నగారు పెట్టింది. కాయిల్ (స్పీకరు లోపలి రాగి తీగ చుట్ట) చుట్టడం, కోన్ పేపర్ (ఊగి శబ్దం పుట్టించే గరాటు) మార్చడం, స్పైడర్ (కాయిల్‌ను మధ్యలో నిలిపే ముడతల బట్ట) అతికించడం ఆయన దగ్గరే నేర్చుకున్నదాన్ని. ఆయన రోజుల్లో సినిమా హాళ్ళ స్పీకర్లు, పెళ్ళిళ్ళకు మైక్ సెట్లు తిప్పేవాళ్ళ హారన్ యూనిట్లు వచ్చేవి. ఇప్పుడు నా బల్ల మీద ఎక్కువగా కారు స్పీకర్లే ఉంటున్నాయి. వాటిలోనూ చాలావరకు ఏడాది తిరగని సరుకు. మంచి కంపెనీలవి, ఇంకో పదేళ్ళు పాడవలసినవి. అలాంటివి అట్టపెట్టెలో పెట్టుకుని తెస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

పాడైన స్పీకరు విప్పితే అది ఎలా పోయిందో కాయిల్ చెబుతుంది. డస్ట్ క్యాప్ బ్లేడుతో కోసి తీసి, కోన్ అంచు వదులు చేసి, కాయిల్ బయటికి లాగి వెలుతురులో పెట్టి చూస్తాను. ఒక రకంలో రాగి తీగ మీది పూత మాడి నల్లబడి ఉంటుంది. చుట్లు ఊడిపోయి మ్యాగ్నెట్ గ్యాప్‌లో ఇరుక్కుంటాయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే కమురు వాసన వస్తుంది. అది వేడికి పోయిన స్పీకరు. రెండో రకంలో తీగ రంగు మారదు, కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. కానీ కాయిల్ చుట్టిన బాబిన్ కింది అంచు సొట్టపడి నలిగి ఉంటుంది. స్పైడర్ జిగురు ఊడి ఉంటుంది. టెర్మినల్ నుంచి కోన్‌కు వెళ్ళే అల్లిక తీగ మొదట్లోనే తెగి ఉంటుంది. అంటే కోన్ తన హద్దు దాటి ముందుకూ వెనక్కూ ఊగింది, కాయిల్ వెళ్ళి వెనక ఇనుప పలకకు గుద్దుకుంది. తలుపు స్పీకర్లలో ఈ రెండో రకం కనబడితే నేను మొదట అడిగేది ఒకటే, ఆంప్ మీద స్విచ్ ఎక్కడ పెట్టారని.

మొన్నీమధ్య ఉయ్యూరు వైపు నుంచి ఒక కుర్రాడొచ్చాడు. సొంత కారు ట్రావెల్స్‌కి తిప్పుకుంటాడు. ముందు తలుపుల ఆరున్నర అంగుళాల స్పీకర్లు రెండూ ఒకేలా పోయాయి.

"అక్కా, ఇవి డూప్లికేట్ మాలా? మూడు నెలలు కూడా రాలేదు" అన్నాడు.

"మాలు అసలుదే తమ్ముడూ. ఆంప్ ఫోటో ఉందా నీ దగ్గర?"

బిగించిన రోజు తీసుకున్న వీడియో ఉంది ఫోన్లో. ఆపి, పెద్దది చేసి చూశాను. స్విచ్ 'ఫుల్' మీద ఉంది. బేస్ బూస్ట్ నాబు కుడివైపు ఆఖరికి తిప్పి ఉంది.

"షాపులో ఏం చెప్పారు?"

"బేస్ చాలకపోతే ఇది తిప్పుకోమన్నారక్కా. స్పీకర్లు బరబరమంటున్నాయని మళ్ళీ వెళితే, ఇవి తట్టుకోవు, ఇంకా పెద్దవి వేయించుకో అన్నారు."

కాయిల్స్ మార్చి ఇచ్చాక, వీధి చివర ఆపిన కారు దగ్గరికి నేనే వెళ్ళాను. స్విచ్ అడుగు స్వరాలను ఆపే హెచ్‌పీఎఫ్ మీదకి జరిపి, నాబు 80 దగ్గర పెట్టి, బూస్ట్ సున్నా చేశాను. అంతకుముందు వాల్యూమ్ సగం దాటితే బరబరమనేదట. ఇప్పుడు అంతకంటే పైకి పెట్టినా మాట మాటగా, వీణ వీణగా వినబడింది. స్విచ్ జరపడానికి పైసా ఖర్చు కాలేదు. ఆ పని మొదటి రోజే జరిగి ఉంటే నా దగ్గరికి వచ్చే అవసరమే అతనికి ఉండేది కాదు.

ఇందులోని కిటుకు పెద్ద చదువులు చదివితే గానీ అర్థం కానిదేమీ కాదు. స్వరం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే అంకె హెర్ట్జ్. మన చెవికి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినబడుతుంది. ఏ ఒక్క స్పీకరూ ఇదంతా బాగా పాడలేదు. పెద్ద వూఫర్ అడుగు స్వరాలకు, తలుపు స్పీకరు మాటకూ వాద్యాలకూ, చిన్న ట్వీటర్ తాళాల గలగలకూ పుట్టాయి. పాటలోని స్వరాలను విడదీసి ఎవరిది వాళ్ళకు పంపేదే క్రాసోవర్. ఎల్‌పీఎఫ్ (లో పాస్ ఫిల్టర్) మీద పెడితే నాబు చూపే అంకెకు కింది స్వరాలు మాత్రమే వెళతాయి, అది సబ్‌వూఫర్‌కి. హెచ్‌పీఎఫ్ (హై పాస్ ఫిల్టర్) మీద పెడితే ఆ అంకెకు పైవి మాత్రమే వెళతాయి, అది తలుపు స్పీకర్లకి. ఫుల్ మీద పెడితే ఏదీ ఆగదు.

ఆపకపోతే నష్టమేంటి అని అడుగుతారు. అసలు సంగతి ఇక్కడుంది. అంతే గట్టిగా వినబడాలంటే స్వరం హెర్ట్జ్ అంకె సగానికి దిగిన ప్రతిసారీ కోన్ నాలుగు రెట్లు ఎక్కువ ఊగాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు ఊగే కోన్ 40 దగ్గర నాలుగు మిల్లీమీటర్లు, 20 దగ్గర పదహారు మిల్లీమీటర్లు ఊగాల్సి వస్తుంది. ఆరున్నర అంగుళాల తలుపు స్పీకరుకు అటూ ఇటూ ఉండే చోటే కొద్ది మిల్లీమీటర్లు. ఇప్పటి పాటల్లో 40 హెర్ట్జ్ దెబ్బలు కుప్పలుగా ఉంటాయి. ఫుల్ మీద పెట్టి ఆ పాట గట్టిగా పెడితే బాబిన్ వెళ్ళి వెనక పలకకు గుద్దుకోక ఏం చేస్తుంది? పైగా, కోన్ అంత దూరం ఊగుతున్నప్పుడు అదే కోన్ మీద పాడుతున్న గొంతు కూడా వణికిపోతుంది. బేస్ కోసం పాటను పాడుచేసుకోవడం తప్ప ఇందులో ఒరిగేది లేదు.

నాబు మీది అంకె దగ్గర స్వరాలు ఠక్కున ఆగిపోతాయని కూడా కొందరు అనుకుంటారు. ఆగవు. కృష్ణ ఒడ్డున స్నానఘట్టం మెట్లు దిగినట్టు మెట్టు మెట్టుగా తగ్గుతాయి. ఆ మెట్టు ఎత్తునే స్లోప్ అంటారు. కారు ఆంప్‌లలో ఎక్కువగా ఉండేది 12 డెసిబెల్ స్లోప్, అంటే స్వరం సగానికి దిగిన ప్రతిసారీ 12 డెసిబెల్ (శబ్దం హెచ్చుతగ్గుల కొలత) తగ్గడం. అంటే హెచ్‌పీఎఫ్ 80 మీద పెడితే, 40 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి స్పీకరుకు చేరే వోల్టేజీ సుమారు నాలుగో వంతుకు, పవరు పదహారో వంతుకు పడిపోతుంది. ఇందాక చెప్పిన నాలుగు రెట్ల లెక్కను దీని పక్కన పెట్టి చూడండి. స్వరం సగానికి దిగితే ఊగడం నాలుగు రెట్లు పెరగాలి, ఫిల్టరేమో దాన్ని నాలుగో వంతు చేస్తుంది. రెండూ సరిపోయి, కోన్ ఊగే దూరం ఇంచుమించు పెరగకుండా ఉండిపోతుంది. స్లోప్ 6 మాత్రమే అయితే ఈ రక్షణ సగమే దొరుకుతుంది, ఊగడం ఇంకా రెట్టింపవుతూనే ఉంటుంది. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసి చూసుకున్న రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. నా బల్ల మీద నలిగిన బాబిన్‌లన్నిటికీ జవాబు అందులో దొరికింది.

కొత్త డీఎస్‌పీ (శబ్దాన్ని చిప్‌తో సర్దే) సెట్లలో మెనూ తెరిస్తే స్లోప్‌తో పాటు బటర్‌వర్త్, లింక్విట్జ్-రైలీ అని రెండు పేర్లు కనబడతాయి. ఇవి మనుషుల పేర్లు. బటర్‌వర్త్ తన ఫిల్టర్ లెక్కను 1930లో ప్రచురించాడు. లింక్విట్జ్, రైలీ అమెరికాలో హ్యూలెట్ ప్యాకార్డ్ ఇంజనీర్లు, వాళ్ళ పద్ధతి 1976లో వచ్చింది. మొదటిదాంట్లో నాబు అంకె దగ్గర స్వరం 3 డెసిబెల్, రెండోదాంట్లో 6 డెసిబెల్ తగ్గి ఉంటుంది. డీఎస్‌పీ ఉన్నవాళ్ళు లింక్విట్జ్-రైలీ 24 రెండువైపులా పెట్టుకుంటే సబ్‌కీ తలుపు స్పీకర్లకీ అతుకు దగ్గర ఎత్తుపల్లాలు రావు. మామూలు ఆంప్ ఉన్నవాళ్ళు దీని గురించి బెంగపెట్టుకోనక్కరలేదు.

ఇక ఏ స్పీకరుకు ఎంత అని అడుగుతారు కాబట్టి నేను చెప్పే అంకెలు రాస్తున్నాను. ఆరున్నర అంగుళాల తలుపు స్పీకర్లకు హెచ్‌పీఎఫ్ 80. వెనక పలక మీద పెట్టే కోడిగుడ్డు ఆకారం సిక్స్ బై నైన్‌లకు 60 నుంచి 70 చాలు, వాటి కోన్ పెద్దది. కారుతో పాటు వచ్చిన పల్చటి స్పీకర్లనే ఆంప్‌కి కలిపితే 100 కంటే కిందికి దించవద్దు. డిక్కీలో సబ్‌కి ఎల్‌పీఎఫ్ 80. అక్కడినుంచి చెవితో విని పదో ఇరవయ్యో అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఒక సంగతి గమనించాలి. నాబు చుట్టూ సాధారణంగా ఈ చివర 50, ఆ చివర 250 అనే రాసి ఉంటుంది. సరిగ్గా మధ్యలో పెడితే 150 అవుతుందని లెక్క కట్టవద్దు, చాలా ఆంప్‌లలో అది అంతకంటే కిందే ఉంటుంది. కొన్నిటి మీద 'పదింతలు' చేసే బుడిపె స్విచ్ కూడా ఉంటుంది. అది పొరపాటున నొక్కి ఉంటే 80 కాస్తా 800 అయిపోయి, తలుపు స్పీకర్లలో గొంతు సగం మాయమవుతుంది.

సబ్‌కి 80 అనే ఎందుకంటే దానికీ కారణముంది. ఆ కింది స్వరాల అల ఒక్కొక్కటి నాలుగు మీటర్లకు పైనే పొడవు ఉంటుంది, అందుకే అవి ఎటునుంచి వస్తున్నాయో మన చెవి పసిగట్టలేదు. సబ్ డిక్కీలో ఉన్నా పాట మొత్తం ముందు అద్దం దగ్గరినుంచే వస్తున్నట్టు ఉంటుంది. అదే ఎల్‌పీఎఫ్ 200 దాకా తెరిస్తే మగ గొంతు అడుగు స్వరం కూడా సబ్‌లోకి జారిపోతుంది. ఘంటసాల గారి పద్యం సగం స్టీరింగ్ ముందు, సగం డిక్కీలో స్టెప్నీ పక్కన వినబడటం నేను చాలా కార్లలో విన్నాను. ఆ గొంతుకు అంత అన్యాయం చేయకూడదు. సబ్ ఉందని తెలియకూడదు, తీసేస్తే మాత్రం లోటు తెలియాలి. అప్పుడే అమరిక కుదిరినట్టు.

అంకెలు సరిగానే పెట్టాం, అయినా బేస్ లేదని వచ్చేవాళ్ళలో రెండు సంగతులు ఎక్కువగా చూస్తుంటాను. ఒకటి, స్టీరియోలో కూడా హెచ్‌పీఎఫ్, ఎల్‌పీఎఫ్ ఆన్ చేసి ఉంటాయి. స్టీరియోలో ఒకసారి, ఆంప్‌లో ఇంకోసారి కోత పడితే అతుకు దగ్గర స్వరాలు చిక్కిపోతాయి. ఏదో ఒకచోటే పెట్టుకుని రెండోది ఆఫ్ చేయాలి. రెండోది, సబ్ తీగల ప్లస్ మైనస్. 12 డెసిబెల్ ఫిల్టర్లు రెండువైపులా ఒకే అంకె మీద ఉంటే, అతుకు దగ్గర సబ్ ముందుకొస్తున్నప్పుడు తలుపు స్పీకరు వెనక్కి వెళుతుంది, ఒకదాన్ని ఒకటి మింగేసుకుంటాయి. సబ్ తీగలు రెండూ అటూ ఇటూ మార్చి కట్టి, లేదా ఫేజ్ స్విచ్ ఉంటే 180 మీద పెట్టి, డ్రైవర్ సీట్లో కూర్చుని వినాలి. ఏ పద్ధతిలో దెబ్బ నిండుగా ఉంటే అదే ఉంచాలి. కారులో దూరాలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఇది చెవి తేల్చాల్సిన విషయమే. రెండు నిమిషాల పని. ఇది చేయకుండా, సబ్ పనికిరాదు, పన్నెండు అంగుళాలది తీసేసి పదిహేను వేయించుకో అని పంపించిన సందర్భాలు నాకు తెలుసు. అలా తీసేసిన సబ్‌లు నా దగ్గరికి అమ్మకానికి వస్తాయి, వాటికి ఏ జబ్బూ ఉండదు.

గెయిన్, బేస్ బూస్ట్ గురించి చెప్పకపోతే క్రాసోవర్ ఒక్కటే సరిచేసి లాభం లేదు. గెయిన్ వాల్యూమ్ నాబు కాదు. స్టీరియో పంపే సిగ్నల్ రెండు వోల్టులా నాలుగు వోల్టులా అన్నదానికి ఆంప్‌ను సరిపెట్టే నాబు. దాన్ని చివరిదాకా తిప్పితే ఆంప్‌కు కొత్త బలం రాదు. ఉన్న బలం తొందరగా అయిపోయి, అల తల తెగి చదునవుతుంది. ఆ తెగిన అలే కాయిల్‌ను మాడుస్తుంది. బూస్ట్ ఇంకా ప్రమాదం. అది 45 హెర్ట్జ్ దగ్గర 12 డెసిబెల్ దాకా పెంచుతుంది. ప్రతి 3 డెసిబెల్‌కు పవరు రెట్టింపవ్వాలి కాబట్టి, 12 అంటే పదహారు రెట్లు. యాభై వాట్ల ఆంప్ ఎనిమిది వందల వాట్లు ఎక్కడినుంచి తెస్తుంది? నా సలహా ఒక్కటే, బూస్ట్ సున్నా మీద పెట్టి మరిచిపోండి.

గెయిన్ సరిగ్గా పెట్టడానికి కావాల్సింది ఒక మల్టీమీటర్. స్పీకరు తీగలు ఊడదీసి, స్టీరియోలో ఈక్వలైజర్ అంతా సున్నా చేసి, వాల్యూమ్ ముప్పాతిక దగ్గర పెట్టి, టెస్ట్ టోన్ (ఒకే స్వరం ఆగకుండా మోగే రికార్డు) వేయాలి. సబ్ ఛానల్‌కి 50 హెర్ట్జ్ టోన్, తలుపు ఛానల్‌కి 400. వెయ్యి హెర్ట్జ్ టోన్ వేసే అలవాటు కొందరికి ఉంది గానీ, చవక మీటర్లు 400 దాటితే ఏసీ వోల్టేజీ సరిగ్గా చూపించవు. ఆంప్ ఆగకుండా ఇవ్వగలిగే అసలు వాట్లను, అంటే ఆర్‌ఎంఎస్ వాట్లను, స్పీకరు ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే ఎంత వోల్టేజీ రావాలో తెలుస్తుంది. 50 వాట్లు, 4 ఓమ్‌లు అయితే 200కు వర్గమూలం, అంటే 14 వోల్టులు. మీటర్ మీద 14 కనబడగానే నాబు ఆపేయాలి. పదో తరగతి పిల్లలు వేసే లెక్క ఇది.

వాట్లంటే పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే రెండు వేలు, మూడు వేలు కాదు. ఆంప్ ఫ్యూజ్ చూడండి. 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటే, ఇంజన్ ఆన్‌లో బ్యాటరీ 14 వోల్టుల లెక్కన లోపలికి వెళ్ళగలిగేదే 420 వాట్లు. అందులో కొంత వేడిగా పోతుంది. బయటికి అంతకంటే తక్కువే వస్తుంది తప్ప రెండు వేలు రావు.

ట్వీటర్లకు వేరే నాబు ఉండదు, తీగలో ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. అదే దాని క్రాసోవర్. 4 ఓమ్‌ల ట్వీటర్‌కు 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే సుమారు 8,500 హెర్ట్జ్ పైన, 10 వేస్తే 4,000 పైన స్వరాలు వెళతాయి. సౌండ్ పెరుగుతుందని ఆ కెపాసిటర్‌ను కత్తిరించి నేరుగా కలిపిన తీగలు చూశాను. ఆ ట్వీటర్ కాయిల్ తీగ తల వెంట్రుకంత సన్నం. ఒక్క పాట కూడా నిలవదు.

రంధ్రం ఉన్న పోర్టెడ్ బాక్స్ సబ్‌లు వాడేవాళ్ళు మరీ అడుగు స్వరాలను ఆపే సబ్‌సోనిక్ నాబు సంగతి తప్పక పట్టించుకోవాలి. బాక్స్ ట్యూన్ చేసిన స్వరానికి కిందికి వెళితే లోపలి గాలి కోన్‌ను పట్టుకోవడం మానేస్తుంది, కోన్ గాల్లో ఊగినట్టు విచ్చలవిడిగా ఊగుతుంది. 35 హెర్ట్జ్‌కు ట్యూన్ చేసిన బాక్స్ అయితే సబ్‌సోనిక్ 30 దగ్గర పెట్టాలి. మూసిన బాక్స్‌కి ఇంత బెడద లేదు.

ఇదంతా బిగించే కుర్రాళ్ళను తిట్టడానికి రాయడం లేదు. ఎండలో కారు తలుపు ప్యానెల్ విప్పి, వైరింగ్ తెగకుండా తీగ లాగి, క్లిప్పులు విరగకుండా మళ్ళీ బిగించడం ఎంత కష్టమో నాకు తెలుసు. వాళ్ళకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మాన్యువల్ చూద్దామంటే ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాలు. బయట ఇంకో కారు హారన్ కొడుతుంటుంది, ఓనరు తొందరపెడుతుంటాడు. దుకాణం ముందు పరీక్ష కూడా ఒక్కటే, దడదడలాడే పాటొకటి పెట్టి అద్దాలు అదిరితే బిల్లు కట్టించుకోవడం. అద్దాలు అదిరేలా పెట్టాలంటే ఫుల్, బూస్ట్, గెయిన్ మూడూ తిప్పేస్తారు. కస్టమర్ ఆనందంగా ఇంటికి వెళతాడు, మూడు నెలలకు నా దగ్గరికి వస్తాడు.

నన్ను బాధపెట్టేది ఆ తర్వాత జరిగేది. పోయిన స్పీకరుకు కారణం అమరిక అని చెప్పకుండా, స్పీకరు చిన్నది, ఆంప్ చిన్నది అని చెప్పి ఇంకో పదిహేను వేలు ఖర్చు పెట్టించడం అన్యాయం. ఈఎంఐ మీద కారు తిప్పుకునే డ్రైవర్‌కి ఆ పదిహేను వేలు అంటే పిల్లల స్కూలు ఫీజు. వారంటీ అడిగితే కాయిల్ కాలింది కాబట్టి వర్తించదంటారు. అమరిక ఎవరు పెట్టారో, ఎంత మీద పెట్టారో ఎక్కడా రాసి ఉండదు కాబట్టి అతను ఎవరినీ నిలదీయలేడు.

అందుకే నేను అడిగేది చిన్న కోరిక. టైరు షాపులో వీల్ అలైన్‌మెంట్ చేస్తే ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత పెట్టామని కాగితం ఇస్తున్నారు. మ్యూజిక్ సిస్టం బిగించిన ప్రతి దుకాణమూ అలాగే ఒక చీటీ ఇవ్వాలి. ఏ ఛానల్‌కు ఏ స్పీకరు కట్టారు, స్విచ్ ఎక్కడ ఉంది, క్రాసోవర్ ఎంత, సబ్‌సోనిక్ ఎంత, గెయిన్ దగ్గర మీటర్ ఎన్ని వోల్టులు చూపింది, బూస్ట్ సున్నానా కాదా. దాని కింద బిగించినవారి సంతకం. బిల్లుతో పాటు ఆ చీటీ అడిగి తీసుకోవడం కారు యజమానులు అలవాటు చేసుకోవాలి. ఇవ్వం అంటే ఆ దుకాణం వదిలి ఇంకో దుకాణానికి వెళ్ళండి. ఆంప్‌లు అమ్మే కంపెనీలు మాన్యువల్‌లో ఈ ఒక్క పేజీ అయినా తెలుగులో వేయాలి. రెండు రాష్ట్రాల్లో ఇంతమంది కొంటున్నప్పుడు అది గొంతెమ్మ కోరికేమీ కాదు. ఐటీఐల్లో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్ చెప్పే మాస్టార్లకు కూడా మనవి. ఒక పాత ఆంప్, రెండు స్పీకర్లు, ఒక మీటర్ పెట్టుకుని ఒక పూట ప్రాక్టికల్ చేయిస్తే ఆ పిల్లలు రేపు ఏ దుకాణంలో చేరినా తలెత్తుకుని పనిచేస్తారు. పాత స్పీకర్లు, నలిగిన బాబిన్‌లు నేను ఇస్తాను. పుస్తకంలో బొమ్మ కంటే ఆ నలిగిన అంచును వేలితో తడిమి చూస్తే బాగా గుర్తుంటుంది.

ఇంకొక్క మాట. సూర్యారావుపేట ఆసుపత్రుల వీధుల్లో రాత్రి పదకొండింటికి కూడా అద్దాలు దించి సబ్ దడదడలాడిస్తూ వెళ్ళే కార్లున్నాయి. అడుగు స్వరాలు గోడలు దాటి మంచం దాకా వస్తాయి. శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచీ ఉన్నాయి. ఆసుపత్రుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతమని, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా రాత్రి వేళ అని అందులో ఉంది. అమరిక బాగున్న సిస్టంలో పాట తక్కువ వాల్యూమ్‌లోనే నిండుగా వినబడుతుంది. అద్దాలు ఎత్తుకుని వినండి బాబూ, లోపల పడుకున్నవాళ్ళలో మీ అమ్మ వయసు వాళ్ళుంటారు.

సంపాదకులు గారూ, వచ్చే పండగ ప్రత్యేక వాహనాల పేజీలో ఈ విషయానికి అరపేజీ కేటాయించవలసిందిగా కోరుతున్నాను. పైన చెప్పిన చీటీ నమూనా తెలుగులో తయారుచేసి ఈ ఉత్తరంతో పాటు జతచేశాను. పాఠకులు కత్తిరించుకుని డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకునే సైజులో దాన్ని అచ్చు వేస్తే, బిగించే రోజు దుకాణంలో చూపించి నింపించుకుంటారు.

ఇట్లు
మీ పాఠకురాలు,
ఒక స్పీకర్ మెకానిక్,
గవర్నర్‌పేట, విజయవాడ